గది లేని బడి

కొత్తగూడ చౌరస్తా ప్రజలకు, చుట్టుపక్కల బస్తీల వారికి, దారిన పోయేవారికి మిక్కిలి విచారంతో తెలియజేయునది ఏమనగా: నా కిరాయి సైకిళ్ళ దుకాణంలో ఏడో నంబరు లేడీస్ సైకిలు బెల్లు పోయింది. దొరికినవారు తెచ్చి ఇవ్వగలరు. దొంగిలించినవారు కూడా తెచ్చి ఇవ్వవచ్చు, చాయ్ తాగించి పంపుతాను.

రెండో సంగతి. ఆ బెల్లు కొట్టుకుంటూ తిరిగే టీచరమ్మ కూడా పోయింది. ఈ మధ్యనే, ఒక మధ్యాహ్నం పూట, కూకట్‌పల్లి దవాఖానలో. గుండె ఆగిపోయిందన్నారు. రెండో సంగతి నేరుగా చెప్పడానికి నోరు రాక మొదటిది ముందు చెప్పాను, ఏమనుకోకండి.

నేను ఏడో తరగతి మధ్యలో బడి గోడ దూకి బయటికొచ్చినవాణ్ణి. మళ్ళీ లోపలికి దూకలేదు. నలభై దాటినా నా మాట అంటే చౌరస్తాలో ఎవరూ సగం కన్నా ఎక్కువ నమ్మరు. అలాంటివాడు ఒక టీచరు గురించి రాయడం ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆమె బతికుంటే ఆమే ముందు నవ్వేది.

టీచరమ్మ గోదావరి వైపు మనిషి. అక్కడ ఒక మిషన్ బడిలో జీవితమంతా పాఠాలు చెప్పి, రిటైరై, కొత్తగూడలో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చింది. కూతురు దవాఖానలో నర్సు. అల్లుడు చీకటితో పోయి చీకటితో వచ్చే కంప్యూటరు ఉద్యోగి. ముగ్గురు మనవలు. ఇద్దరు ఆడపిల్లలు, మధ్యలో ఒక పిల్లాడు. ఆ ముగ్గురినీ వాళ్ళు బడికి పంపేవాళ్ళు కాదు. ఇంట్లోనే టీచరమ్మ చదువు చెప్పేది. మా బస్తీలో అంతవరకు ఎవరూ అలాంటిది వినలేదు. పిల్లల్ని బడికి పంపనివాళ్ళు మాకు తెలుసు, మా నాయన ఒకడు. చదువుకోసం బడికి పంపనివాళ్ళను అప్పుడే చూడటం.

మొదటిసారి ఆమె నా దుకాణానికి వచ్చిన రోజు, పిల్లల్ని చూసి అడిగాను.

"ఏందమ్మా, బడి టైములో పిల్లలు బజార్ల తిరుగుతున్నరు? ఫెయిలయిన్రా?"

"వీళ్ళు కాదయ్యా, బడే ఫెయిలయింది," అంది. "గదినిండా పిల్లల్ని పెట్టుకుని బతుకంతా చెప్పాను. ఈ ముగ్గురికీ గది లేకుండా చెబుతాను. లేడీస్ సైకిలుందా?"

"ఎవలికి?"

"నాకే."

నవ్వు ఆపుకోలేకపోయాను. "టీచరమ్మా, ఇది ఎక్కినోళ్ళను కింద పడగొట్టిందాక ఊకోదు."

"నాకంటే మొండి సైకిలు ఇంకా పుట్టలేదులే," అని నేత చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో సర్దుకుని ఎక్కింది. బెల్లు కొడుతూ చౌరస్తా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రోడ్డు మధ్య నిలబడ్డ బర్రెలు పక్కకు జరిగాయి. ఆ రోజు నుంచి ఏడో నంబరు ఆమెది.

ప్రతి గురువారం బయటి బడి. ముందు టీచరమ్మ, వెనక మూడు చిన్న సైకిళ్ళు. ఒక వారం తపాలా ఆఫీసు, ఒక వారం మదీనాగూడ పశువుల డాక్టరు, ఒక వారం చర్చిలో కుర్చీలు మోయడం, ఇంకో వారం పోలీసు ఠాణా. ఠాణాలో చిన్నపిల్ల కానిస్టేబుల్‌ని "అంకుల్, మీకు భయమేస్తే ఎవరికి చెబుతారు?" అని అడిగిందట. ఆయన ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, "మా ఇంటామెకు" అన్నాడట. వచ్చేటప్పుడు నా దుకాణం ముందు బల్ల మీద కూర్చుని ఇవన్నీ నాకు చెప్పాల్సిందే. నేను వాటికి తోకలు తగిలించి చౌరస్తా అంతా చెప్పేవాణ్ణి.

అంగడికి పోయిన రోజు మాత్రం వేరే పాఠం. అక్కడ ప్రతి కాయకూ రెండు పేర్లు పట్టుకు రావాలి, ఇంట్లో అనే గోదావరి పేరు ఒకటి, ఇక్కడి పేరు ఒకటి. ముగ్గురూ సైకిళ్ళ మీద పాటలా పాడుకుంటూ వచ్చేవాళ్ళు. ఆనపకాయ, సొరకాయ. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ. చిలగడదుంప, కందగడ్డ. "పేరు తప్పితే కూర తప్పుతుంది," అనేది టీచరమ్మ. "ఇక్కడ బతకాలంటే ఇక్కడి పేరు రావాలి."

ఆ రోజుల్లోనే మా చుట్టూ గుట్టలు పలచబడటం మొదలైంది. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద కట్టడం లేస్తోంది. దానికి రోడ్లు కావాలి, రోడ్లకు గుట్టలు అడ్డం. ముందు ఈల వినబడేది, తర్వాత ఎర్రగుడ్డ పట్టుకుని మనుషులు రోడ్డుకు అడ్డంగా నిలబడేవాళ్ళు, తర్వాత మందు పెట్టి రాళ్ళు పేల్చే ఆ శబ్దం, నేల కిందినుంచి. మా ఇంటి గోడకు సన్నటి చీలిక వచ్చింది. మొదట వెంట్రుకంత ఉండేది. తర్వాత అందులో మా ఆవిడ అగ్గిపుల్ల దూర్చి చూసింది. గుట్టల మీది నెమళ్ళు ఎటు పోయాయో పోయాయి. ఈల కంటే ముందు కుక్కలకు తెలిసేది. చప్పుడు చేయకుండా లేచి మంచాల కిందికి దూరేవి. కుక్క దూరిందంటే మేము చాయ్ గ్లాసులు పడిపోకుండా చేత్తో పట్టుకునేవాళ్ళం.

ఒక గురువారం చిన్నపిల్ల వచ్చి అడిగింది. "మామా, పోయిన వారం మేం కూర్చుని అన్నం తిన్న రాయి ఏదీ? అక్కడ లేదు."

"గా రాయా? కిరాయికి పోయింది. మళ్ళొస్తది," అన్నాను.

పిల్లలు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. ఆ వైపే చూస్తూ, "ఈసారికి నీ హాస్యం చాల్లేవయ్యా," అంది మెల్లగా.

కొన్నాళ్ళకు కూతురు డ్యూటీ దిగి తెల్ల చీరతోనే నా దుకాణానికి వచ్చింది. టీచరమ్మ అప్పుడే సైకిలు దిగుతోంది. నా ముందే అంది.

"అమ్మా, రాళ్ళు పేల్చే వైపు పిల్లల్ని తీసుకెళ్తున్నావా?"

"లేదే. అడిగే వెళ్తున్నాను, ఎటు పేలుస్తారో."

"రోజూ ఎవరో ఒకరు ఆ రాళ్ళు తగిలి వస్తున్నారమ్మా. నేనే కట్లు కడుతున్నాను. ఒక్కసారి, ఒక్కసారి వీళ్ళు అటు వెళ్ళారని తెలిసిందంటే, జూన్‌లో ముగ్గుర్నీ బడిలో వేసేస్తాను. ఇంక ఈ గురువారాలూ ఉండవు, ఏమీ ఉండవు. ఇప్పుడే చెబుతున్నాను."

"పేల్చే వైపు వెళ్ళం. సరేనా?"

"ఒట్టు?"

"మనం ఒట్లు వేసుకోం కదమ్మా. మాటిస్తున్నాను."

ఆ తర్వాత టీచరమ్మ మరీ జాగ్రత్త పడింది. మా బస్తీలో ఒక వాచ్‌మన్ ఉన్నాడు, గుట్టల దగ్గర కాపలా. గురువారం పొద్దున అతను నా దుకాణం మీదుగానే పోతాడు. అతన్ని ఆపి అడగనిదే ఆమె పెడలు మీద కాలు పెట్టేది కాదు.

అదే నెల అమావాస్య నాడు నాకు బుద్ధి పుట్టి, ఏడో నంబరు హ్యాండిలుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దండ గుచ్చి కట్టాను. చర్చికి పోయే మనిషి ఏమంటుందో చూద్దామని. ఏమీ అనలేదు. తీసుకుపోయింది. మర్నాడు చెప్పింది.

"నిమ్మకాయ రసం బాగా వచ్చిందయ్యా. ఉప్పేసుకుని తాగాను. మిరపకాయలు పచ్చట్లోకి సరిపోయాయి."

పక్కనే ఉన్న వాచ్‌మన్ మొహం తెల్లబడింది. "దిష్టి నిమ్మకాయ తాగిన్రా అమ్మా! జర జాగర్త, గట్ల తాగుడు మంచిది కాదు."

"మరి చెట్టుకున్నప్పుడు మంచిదే కదా, దారానికి గుచ్చితే చెడిపోయిందా?" అంది. నేను పగలబడి నవ్వాను. వాచ్‌మన్ నవ్వలేదు.

ఇక ఆ గురువారం. వేసవి మొదట్లో. పొద్దున నేను లోపల ట్యూబు నీళ్ళలో ముంచి పంక్చరు వెతుకుతున్నాను. రోడ్డు మీద లారీల వరస. టీచరమ్మ ఇవతల, వాచ్‌మన్ అవతల. వాళ్ళ మాటలు అప్పుడు నాకు వినబడలేదు, తర్వాత తెలిసినవే. ఆమె ఎప్పటిలాగే అడిగింది, ఇవ్వాళ ఏమైనా పేలుస్తారా బాబూ అని. లారీల చప్పుడులో అతను అరిచి చెప్పాడు: "పొద్దుగాల ఏం లేదమ్మా! మాపటికి పోచమ్మ గుట్ట మీద గుండు కొడ్తరు!"

ఆమె చెయ్యి ఊపింది. సంతోషంగా ఇంటికి పోయింది.

మా దగ్గర గుండంటే గుట్ట మీద గుండ్రంగా కూర్చున్న పెద్ద రాయి. గోదావరి మనిషికి గుండు అంటే ఒకటే, క్షవరం చేసిన తల. పోచమ్మ గుట్ట కింద చిన్న గుడి ఉంది, అక్కడ పిల్లలకు పుట్టువెంట్రుకలు తీస్తారని ఆమెకు ఎవరో ఎప్పుడో చెప్పారు. ఇంకేముంది, ఎవరి పిల్లాడికో మొక్కు తీరుస్తున్నారు, ఇరుగుపొరుగు వాళ్ళ వేడుక మనవాళ్ళూ చూడాలి అనుకుంది. ఉత్త చేతులతో పోకూడదని పగలంతా పిల్లలతో ఒక టోపీ కుట్టించింది.

పొద్దు వాలుతుంటే నలుగురూ సైకిళ్ళకు వచ్చారు. చిన్నపిల్ల టోపీ చూపించింది. పసుపుపచ్చ గుడ్డ, చుట్టూ నీలం దారం, కుట్లు వంకరటింకర.

"ఎవలికే ఈ టోపీ?"

"గుండు చేయించుకునే బాబుకి. తలకి ఎండ తగలకుండా."

"మాపటీలి ఎండేడుంటదే?"

"రేపు ఉండదా మామా?"

ఊళ్ళో ఎవరింట్లోనో ఫంక్షన్ అనుకున్నాను. టీచరమ్మ బెల్లు కొట్టింది, వెళ్ళిపోయారు. వాళ్ళు మలుపు తిరిగాక, బల్ల కింద పడుకున్న కుక్క లేచి, నా కాళ్ళ సందులోంచి దుకాణం లోపలికి పోయింది.

గ్లాసు చేత్తో పట్టుకున్నాను. శబ్దం రాలేదు. శబ్దానికి బదులు వాచ్‌మన్ వచ్చాడు, సైకిలుకు గాలి కొట్టించుకోవడానికి.

"ఇయ్యాల పెద్దదున్నది," అన్నాడు. "గుండుకు బెజ్జాలు కొట్టి మందు కూరి పెట్టిన్రు. ఈ ఒక్కటి పోతే పోచమ్మ గుట్ట సాఫ్."

"టీచరమ్మకు చెప్పినవా?"

"పొద్దుగాలనే చెప్పిన. ఫికర్ చెయ్యకు."

"ఏమని చెప్పినవ్?"

"మాపటికి గుట్ట మీద గుండు కొడ్తరని."

పంపు పక్కన పడేశాను. నా కళ్ళ ముందు పసుపుపచ్చ టోపీ ఉంది. "అరే, ఆమెకు గుండంటే నెత్తి రా!" అని అరిచాను. అతను అర్థంకాక, "గుండంటే గుండే గదా!" అన్నాడు.

చేతికందిన సైకిలెక్కి తొక్కాను. దారిలో ఒకచోట కాలవలో పడ్డాను, లేచాను, మళ్ళీ ఎక్కాను. గుట్ట దగ్గరికి రాగానే ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి నన్ను ఆపాడు. అప్పటికే ఈల వేస్తున్నారు. గుట్ట అవతలి వైపునుంచి కాలిబాట ఉందని ఆ ఎర్రగుడ్డలకు తెలియదు. "పిల్లలున్నరు! గుట్ట మీద పిల్లలున్నరు!" అని అరిచాను. "ఆపొచ్చు, ఆపొచ్చేమో," అంటూ అతను చెయ్యి ఊపుతూ ఈలేసే మనిషి వైపు పరుగెత్తాడు. అంత దూరం పోయే టైము లేదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు కనబడ్డారు. గుట్ట దిగి వస్తున్నారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. పరుగెత్తడం లేదు. టీచరమ్మ పిల్లలను పరుగెత్తనివ్వలేదు. తర్వాత చెప్పింది: "మంగలి లేడు, డోలు లేదు, పిల్లాడి తల్లి లేదు. రాయి నిండా కన్నాలు, కన్నాల్లోంచి తీగలు. సైకిళ్ళు అక్కడే వదిలేశాను. పరుగెత్తితే ఎవరో ఒకరు పడతారు, పడినవాళ్ళ కోసం మిగతావాళ్ళు ఆగుతారు."

రోడ్డు పక్కన నీళ్ళకోసం తెచ్చి పడేసిన సిమెంటు పైపులున్నాయి, మనిషి వంగి నడిచేంతవి. నలుగురినీ అందులోకి తోసి నేను వెనక దూరాను. తర్వాత ఆ శబ్దం. చెవులతో విన్నట్టు లేదు, పళ్ళతో విన్నట్టుంది. పైన రాళ్ళు పడుతున్నాయి, చిన్నవి వడగళ్ళలా, మధ్యమధ్య పెద్దవి. పైపు మొత్తం ఊగింది. ఆగాక దుమ్ము రెండు వైపుల నుంచీ లోపలికి వచ్చింది. ఆ చీకట్లో చిన్నపిల్ల గొంతు వినబడింది.

"అమ్మమ్మా, గుండు కొట్టేశారా?"

టీచరమ్మ, "కొట్టేశారమ్మా," అంది.

బయటికొచ్చాక పెదవుల మీద దుమ్ము తుడుచుకుంటూ నన్ను అడిగింది. "గుండంటే మీకు రాయా?"

"రాయే టీచరమ్మా. పెద్ద రాయి."

"ఒకదానికి రెండు పేర్లుంటాయని వీళ్ళకి రోజూ చెప్పాను. ఒక పేరుకి రెండుంటాయని నాకే తట్టలేదు," అంది. ఆ మాటలు ఎవరితోనూ అన్నట్టు లేవు.

ఇంటికి నడుస్తుంటే నా బుర్ర మామూలుగా పనిచేయడం మొదలుపెట్టింది. "టీచరమ్మా, అమ్మాయికి ఏం చెప్పకుర్రి. సైకిళ్ళు పంక్చరైనయ్, నా దుకాణంల కూసున్నరు. దుమ్మంటరా, లారీ పోయింది. నేను సాక్ష్యం చెప్త. జూన్ గొడవే ఉండదు."

ఆగి నా మొహంలోకి చూసింది. "అబద్ధం నీ నోట్లో అందంగా ఉంటుందయ్యా. నా నోట్లో ఉంటే పిల్లలు గుర్తుపట్టేస్తారు."

కూతురు డ్యూటీనుంచి వచ్చేదాకా గడప మీదే కూర్చుంది. రాగానే మొదటినుంచి చివరిదాకా చెప్పింది, తన తప్పు ఎక్కడుందో అక్కడ ఆగి మరీ చెప్పింది. కూతురు ముగ్గురు పిల్లల తలలూ ఒకదాని తర్వాత ఒకటి వెంట్రుకలు పాయలు తీసి, వేళ్ళతో తడిమి చూసింది. ఆ తర్వాత తల్లి తల కూడా అలాగే చూసింది. అప్పుడు అంది. "జూన్‌లో బడికి పంపుతానమ్మా."

"నీ మాట న్యాయమే," అంది టీచరమ్మ.

తర్వాతి గురువారాల్లో సైకిళ్ళు కదల్లేదు. ఆమె ఒక్కతే నడిచివచ్చి నా బల్ల మీద కూర్చునేది. కుక్క లోపలికి దూరగానే తనకు తెలియకుండానే కొంగు గుండె మీదికి లాక్కునేది, శబ్దం అయిపోయాక కూడా చెయ్యి తీసేది కాదు. చౌరస్తాలో కొందరు నిమ్మకాయ దోషం అన్నారు, కొందరు పోచమ్మ కోపం అన్నారు. నేను ఎవరితోనూ వాదించలేదు. ఒకరోజు ఆమె రాలేదు. కూకట్‌పల్లి తీసుకుపోయారని తెలిసింది.

నేను దవాఖానకు పోయాను, పూలకు బదులు సొరకాయ పట్టుకుని. నన్ను చూసి, "బుద్ధి ఎప్పుడొస్తుందయ్యా నీకు? రోగుల దగ్గరికి కూరగాయలతో వస్తారా?" అని తిట్టింది. "పూలు వండుకోలేరు గదా," అన్నాను. నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పిల్లలు బడికి పోతే పోనీ. గురువారం మాత్రం వదలొద్దని మా అమ్మాయికి చెప్పు. నువ్వు సైకిళ్ళివ్వడం మానకు," అంది. అదే ఆఖరి మాట.

ఇక ఇందులో నేను కల్పించినవి చెప్పేస్తాను.

బెల్లు పోలేదు. సైకిలే పోయింది, ఆ రాయి కింద. చిన్నవాటిని సాగగొట్టి సరిచేశాను, ఏడో నంబరులో మిగిలింది బెల్లు ఒక్కటే.

నేను కాలవలో పడలేదు. వేగంగా పోయానని మీరనుకోవాలని రాశాను.

దవాఖానలో ఆమె ఏమీ అనలేదు. సొరకాయ నిజమే. నేను పోయేసరికి పడక ఖాళీగా ఉంది, ఆయా కొత్త దుప్పటి పరుస్తోంది. ఎవరికి కావాలని అడిగింది. సొరకాయతో అలాగే నిలబడ్డాను. ఇంకొక్కసారి తిట్టించుకోవాలనిపించి ఆ మాటలన్నీ రాసుకున్నాను.

ఆమె పోయాక వచ్చిన గురువారం, కూతురు ముగ్గురు పిల్లలతో దుకాణానికి వచ్చింది. "అన్నా, మీరు ఆ రోజు అమ్మ దగ్గరికి వెళ్ళారట కదా. పిల్లల గురించి ఏమైనా చెప్పిందా? బడిలో వెయ్యమందా, వద్దందా?"

పైన రాసిన మాటలు అప్పటికే నా నాలుక మీద తయారుగా ఉన్నాయి. పిల్లలు ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు.

"లేదు చెల్లె. నేను పోయేసరికే అయిపోయింది. నాకేం చెప్పలే."

ఆమె తల ఊపింది. "అయితే నేనే ఆలోచించుకోవాలి," అంది. తర్వాత, "చిన్న సైకిళ్ళున్నాయా?" అని అడిగింది.

మూడు సైకిళ్ళు ముందు పోయాయి. తొక్కడం రాని ఆమె వెనక చెప్పులతో నడిచింది, గుట్టల వైపు కాదు, మదీనాగూడ వైపు. జూన్ సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. వాళ్ళు మలుపు చేరకముందే వెనకనుంచి ఈల వినబడింది. ముగ్గురూ ఒక్కసారే కాళ్ళు నేలకు ఆనించి ఆగిపోయారు. ఆమె కూడా ఆగింది. శబ్దం వచ్చింది, నేల లోపలినుంచి వాళ్ళ కాళ్ళ కిందుగా పోయింది. అది పోయాక కూడా నలుగురూ రోడ్డు మీద అలాగే నిలబడి ఉన్నారు. ఇది నేను కల్పించలేదు.